చేపల పెట్టెలో చిల్లుకాణీ

సముద్రం మా ఇంట్లోంచి కనపడదు. దాని గాలి మాత్రం అడగకుండా వచ్చి, చెప్పులు విప్పకుండా ఇల్లంతా తిరిగి పోతుంది. అల్లూరులో కాపురం చేసేవాళ్ళందరికీ ఇది అలవాటే. కిటికీ ఊచలు పొక్కులు లేస్తాయి, కొత్త బీరువాకు రెండు వానాకాలాలు దాటకముందే కాళ్ళ దగ్గర తుప్పు పడుతుంది, జాడీలో ఉప్పుకు చెమట పడుతుంది. ఊళ్ళో మిగతావాళ్ళు రంగు వేయించుకుని ఊరుకుంటారు. నాకు మాత్రం ఈ గాలితో ఏళ్ళ తరబడి పగ. ఎందుకంటే నేను నాణేలు దాస్తాను.

దాస్తానంటే డబ్బు దాస్తానని కాదు. చెల్లని డబ్బు దాస్తాను. "చెల్లే డబ్బు దాచమంటే చేతగాదు. చెల్లని దానికి మాత్రం తాళం మీద తాళం" అని మా ఆవిడ వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది. నాకు రొయ్యల మేత అమ్మే షాపు ఉంది. గుంటల దగ్గర నుంచి వచ్చే రైతులు, తీరం నుంచి తట్టలతో చేపలు తెచ్చే అక్కలు, నా పిచ్చి తెలిసినవాళ్ళు, ఏదైనా పాత బిళ్ళ దొరికితే తెచ్చిస్తారు. "మా నాయనమ్మ గూట్లో ఉండిందన్నా, నీకు పనికొస్తుందేమో చూడు" అంటారు. అలా చేరినవే నా అర్ధణాలు, రెండణాల పలకల బేడలు, పూరేకుల అంచున్న తేలికపాటి అల్యూమినియం పైసలు, తామరపువ్వు ఉన్న ఇత్తడి ఇరవై పైసలు. ఈ చివరి రకంలో ఒకదాన్ని మా ఆవిడ లక్ష్మీదేవి బిళ్ళని పేరుపెట్టి దేవుడి గదిలోకి పట్టుకుపోయింది. అది నా చేతికి తిరిగి రాలేదు.

అన్నిటికీ ముందు వచ్చింది చిల్లుకాణీ. నడుమ పెద్ద చిల్లున్న రాగి కాణీ, ఒకవైపు కిరీటం, ఇంకోవైపు ఆకుల దండ. మా నాయనమ్మ దాన్ని నల్లదారానికి గుచ్చి, నేను పసివాడిగా ఉన్నప్పుడు నా మొలకు కట్టిందట. మా అమ్మ దాన్ని జాగ్రత్తగా ఎత్తిపెట్టి, మా అమ్మాయి పుట్టినప్పుడు దాని మొలకు కట్టింది. అమ్మ పోయాక ఆమె వక్కాకుల సంచిలో, ఎండిన సున్నపుకాయ పక్కన, కాగితంలో చుట్టి ఉన్న కాణీ దొరికింది. దాన్ని ఎక్కడ పెడితే పాడుకాకుండా ఉంటుందా అని వెతుక్కుంటూ పోయి నేను నాణేల మనిషినయ్యాను. నాలాగే నాణేలు పోగుచేసే కావలి ఆయన ఒకరు దాన్ని భూతద్దంలో చూసి, "ఆకుల వైపు బాగా అరిగిపోయినాదన్నా, దీనికి విలువ రాదు" అన్నాడు. విలువ ఎవడికి కావాలి అన్నాను కానీ, ఆ అరుగుడు చూసినప్పుడల్లా మనసులో కాస్త చివుక్కుమనేది. ఎన్ని సంతల్లో ఎన్ని చేతులు మారిందో అనుకునేవాణ్ణి.

దాచడంలో నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. మొదట బీరువాలో పెట్టాను, వానలు వెళ్ళాక చూస్తే రాగి బిళ్ళలకు పచ్చగా చిలుం పట్టింది. ప్లాస్టిక్ అరలున్న ఆల్బం కొన్నాను, ఆ ప్లాస్టిక్కే జిగురై వాటిని అంటుకుంది. బియ్యం తేమను లాగేస్తుందని ఎవరో చెబితే, గుడ్డ మూట కట్టి బియ్యం డబ్బా అడుగున దాచాను. మూట ముడి ఎప్పుడు వదులైందో ఏమో, ఒకరోజు భోజనానికి కూర్చుంటే గరిటెడు అన్నంతో పాటు అర్ధణా వచ్చి నా కంచంలో టంగుమని పడింది. మా ఆవిడ నవ్వలేదు. "ఇంకా నయం, చుట్టాల కంచంలో పడలా" అంది.

ఆవిడ కూడా తక్కువ తినలేదు. ఒక శ్రావణ శుక్రవారం ముందురోజు పూజసామాను తోముతూ, నా రాగి నాణేలున్న డబ్బా కూడా పక్కన పెట్టుకుని, చింతపండూ ఉప్పూ వేసి రుద్ది పారేసింది. నేను షాపు నుంచి వచ్చేసరికి అరుగు మీద పాత పంచె పరిచి వరసగా ఆరబెట్టి ఉన్నాయి, తళతళా మెరిసిపోతూ. పాత నాణేనికి ఏళ్ళ తరబడి పట్టిన నలుపే అందం, అదే దానికి కాపు. అది పోతే ఇంక పోయినట్టే. నేను నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే ఆవిడ చేతులు నడుముకు పెట్టుకుని చూసింది. "మురికి వదిలిస్తే ఏడ్చే మనిషిని నిన్నొక్కణ్ణే చూస్తుండానయ్యా" అంది. చిల్లుకాణీ ఆ రోజు వేరే డబ్బాలో ఉండబట్టి బతికిపోయింది.

ఆ తర్వాత నేను గట్టి మనిషినయ్యాను. ఒక్కో నాణేనికి ఒక్కో గూడన్నట్టు గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళపెట్టెలు తెప్పించాను. ఊళ్ళో ఎవరు కొత్త చెప్పులు కొన్నా, ఆ అట్టపెట్టెలో ఉండే, తేమను పీల్చే పొట్లం నా దగ్గరికి చేరాల్సిందే. బీరువాలో నాణేల అర తాళంచెవి ఎక్కడ పెట్టేదీ ఎవరికీ చెప్పలేదు. ఒకసారి నేనే మరిచిపోయి, తాళాలు బాగుచేసే అతన్ని పిలిపించి నా అర నేనే పగలగొట్టించుకున్నాను. ఆ మాట ఇక్కడ ఎక్కువ చెప్పను.

ఇలా ఉండగా మా అమ్మాయి పురిటికి వచ్చింది. పాప పుట్టింది. ఇల్లంతా సాంబ్రాణి పొగ, వెల్లుల్లి వాసన, పాలు బాగా పడాలని వండే సొరచేప పొరటు వాసన. నేను పిల్లను ఎత్తుకుని షాపుకు పోవడం కూడా మరిచిపోయేవాణ్ణి. బారసాలకు మంచిరోజు పెట్టుకున్నాక, ఒకరోజు అమ్మాయి పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని నన్ను పిలిచింది.

"నాన్నా, బారసాల నాడు పాప మొలతాడుకు చిల్లుకాణీ కడదాం."

పసిబిడ్డ మొల అంటే ఏమిటి? నూనె, చెమట, నీళ్ళు, ఇంకా చెప్పకూడనివి. రాగికి అంతకన్నా చెడ్డ చోటు ఈ భూమ్మీద లేదు.

"కొత్త వెండి బిళ్ళ చేయిస్తానమ్మా. పాప పేరు కూడా చెక్కిస్తా."

"నాకు కట్టింది కాణీనే గదా?"

"అప్పటికి నాకు నాణేల సంగతి తెలీదమ్మా" అన్నాను.

అమ్మాయి కోప్పడలేదు. "సరేలే నాన్నా" అని పాప గుడ్డలు సర్దుకోవడంలో పడింది. అది కోప్పడి ఉంటే నేనూ కోప్పడి గెలిచేవాణ్ణి. ఆ "సరేలే" నన్ను అన్నం తిననివ్వలేదు. అయినా మాట మార్చుకోలేదు. నా మొండితనం అలాంటిది.

బారసాల దగ్గర పడుతోంది. ఇంటినిండా చుట్టాలు వస్తారు, చీరల కోసం బీరువా పొద్దస్తమానం తెరిచే ఉంటుంది. నాణేలను కాపాడేదెలా అని ఆలోచిస్తుంటే, నా వ్యాపారబుద్ధి పనిచేసింది. మా వైపు ప్రతి ఇంట్లోనూ చేపలు పంపే తెల్లటి థర్మాకోల్ పెట్టెలు గుట్టగా పడి ఉంటాయి. ఐసునే కరగనివ్వని పెట్టె, లోపలికి ఉప్పుగాలిని రానిస్తుందా? నాణేలన్నీ తేమ పొట్లాలతో సహా ఒక పెట్టెలో సర్ది, మూత చుట్టూ టేపు వేశాను. పైన మార్కరుతో పెద్ద అక్షరాలతో "చేపలు" అని రాశాను. దొంగ అనేవాడు ఏమైనా ఎత్తుకుపోతాడు కానీ చేపల పెట్టె జోలికి పోడు. దాన్ని వెనక వసారాలో ఖాళీ పెట్టెల పక్కన పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎవరికీ చెప్పలేదు. రహస్యం అన్నాక పెళ్ళానికైనా చెప్పకూడదు కదా.

మా వియ్యాలవారిది కావలి. శుభకార్యానికి పిలిచేటప్పుడు వాళ్ళింటికి ముందుగా చేపలు పంపడం మా ఇంటి మర్యాద. కావలిలో చేపలు దొరకవని కాదు, తీరం చేప తీరంవాళ్ళ ఇంటి నుంచే పోవాలి. ఆ రోజు పొద్దున్నే, మాకు ఎప్పుడూ చేపలిచ్చే అక్క మంచి వంజరం అలాంటి తెల్ల పెట్టెలోనే ఐసుతో సర్ది, టేపు వేసి తెచ్చింది. మా ఆవిడ దాన్ని వెనక వసారాలోనే పెట్టించింది, అక్కడ కనపడిన చేపలన్న రాత అక్క రాసిందేననుకుంది. మా షాపుకు మేత దింపే వ్యాను మధ్యాహ్నం కావలి మీదుగా తిరిగిపోతుంది. డ్రైవరు వచ్చి పిలిచేసరికి ఆవిడ కాళ్ళ మీద పాపను బోర్లా పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. లేవడానికి లేదు.

"వసారాలో చేపలని రాసుండాది చూడబ్బయా, ఆ పెట్టె తీసకపో" అని అక్కడినుంచే కేకేసింది.

డ్రైవరుకు చదువొచ్చు. చేపలని రాసున్న పెట్టెనే తీసుకుపోయాడు.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి వసారాలో పిల్లుల సభ జరుగుతోంది. మా వీధిలో అన్ని పిల్లులున్నాయని నాకు అంతవరకూ తెలియదు. ఒక తెల్ల పెట్టె చుట్టూ చేరి గోళ్ళతో గీరుతున్నాయి. నాణేల మీద వీటికెందుకు ఇంత ఇష్టం పుట్టిందబ్బా అనుకుంటూ దగ్గరికి పోయాను. పెట్టె మీద రాత లేదు. అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. టేపు పీకి మూత తీస్తే వంజరం నోరు తెరుచుకుని నా వంకే చూస్తోంది. నేనూ నోరు తెరుచుకుని దాని వంకే చూశాను.

మా ఆవిడకు సంగతి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు.

"చేపలని రాసింది నువ్వా? నీ చేత్తోనా?" అంది భుజాలు అదురుతుండగా.

అప్పుడే ఫోను మోగింది. వియ్యపురాలు. మా ఆవిడ స్పీకరు పెట్టింది.

"వదినా, పెట్టె అందిందమ్మా. చేపలనుకోని గిన్నె తెచ్చుకోని కూర్చున్నా. మూత తీస్తే అన్నీ పాతకాలం బిళ్ళలు! మనవరాలికని ఇన్నేళ్ళు పోగుచేసినారా? మీ అన్నయ్యగారయితే కళ్ళకద్దుకున్నారు పో."

వెనకనుంచి వియ్యంకుడి గొంతు కూడా వినపడింది. "బావగారూ! దారిలో ఎవురూ చెయ్యి పెట్టకుండా చేపలని రాసినారు చూడండి, ఏం తెలివి! నాకయితే చచ్చినా తట్టదు."

నా తెలివిని ఈ లోకంలో మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. ఏం చెప్పను? వియ్యాలవారి గడపలోకి పోయిన దాన్ని అది మీది కాదు, పొరపాటున వచ్చింది, తిరిగి పంపండి అని అడిగే నోరు మా జిల్లాలో ఎవరికీ ఉండదు. "ఏదో మా ముచ్చట బావగారూ" అన్నాను.

ఫోను పెట్టేశాక అమ్మాయి గదిలోంచి వచ్చింది. అంతా వినింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "నాన్నా, నేను మాట్లాడేదా? అత్తమ్మతో నిజం చెప్తే ఏమీ అనుకోదు" అంది. కాణీ గురించి ఒక్క మాట ఎత్తలేదు. నాకు సిగ్గేసింది. వద్దులేమ్మా అన్నాను. ఆ పూట మా ఆవిడ వంజరంతో మామిడికాయ వేసి పులుసు చేసింది. వియ్యాలవారి చేపలు మేమే తిన్నాం. పులుసు అద్భుతంగా ఉంది, నాకు మాత్రం ముద్ద ముద్దకూ నాణేలే గుర్తొచ్చాయి. ఆ పెట్టె ఎండలో పెట్టారేమో, మూత తీసి వదిలేశారేమో, పక్కింటివాళ్ళందరూ వేళ్ళతో పట్టుకుని చూస్తున్నారేమో. అన్నీ పోయినా పరవాలేదు, చిల్లుకాణీ ఒక్కటి ఉంటే చాలని మొక్కుకున్నాను. ఎవరికి మొక్కానో తెలుసా? దేవుడి గదిలో మా ఆవిడ పెట్టుకున్న ఇరవై పైసల బిళ్ళకి.

బారసాల నాడు వియ్యాలవారు కారు దిగడమే ఆలస్యం, నా కళ్ళు వియ్యంకుడి చంక కింది పెట్టె మీద పడ్డాయి. ఆయన దాన్ని దేవుడి పటంలా మోసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇవి మీ దగ్గరే ఉండాల బావగారూ. మా ఇంట్లో ఏది యాడ పెడతామో మాకే తెలీదు. పాప పెద్దదైనాక మీ చేత్తో ఇద్దురు."

పెట్టెను కౌగిలించుకున్నంత పని చేశాను. గదిలోకి తీసుకుపోయి మూత తీసి చూస్తే అన్నీ సర్దినట్టే ఉన్నాయి. ఒక్క గూడు ఖాళీ. చిల్లుకాణీ లేదు.

హాల్లో ఉయ్యాలకు పూలు కడుతున్నారు. నేను తేరుకుని బయటికి వచ్చేసరికి వియ్యపురాలు పాప దగ్గర కూర్చుని, తమలపాకులో మడిచిన పొట్లం విప్పుతోంది. లోపల కొత్త నల్లదారం, దానికి చిల్లుకాణీ. బంగారంలా మెరిసిపోతోంది.

"ఇది చూడగానే అర్థమయింది అన్నయ్యా. పాప మొలతాడుకనే పంపినారని. దారం మాత్రం మాది. రాత్రంతా నానబెట్టి చింతపండుతో బాగా తోమినా. పసిబిడ్డ ఒంటిమీద వేసేది మురికిగా ఉండకూడదు గదా?"

నా వెనక మా ఆవిడ దగ్గుతున్నట్టు నటించింది. అమ్మ నాకు మిగిల్చిన నలుపు, నేను ఎన్నో వానాకాలాలు కాపాడుకున్న నలుపు, చింతపండు నీళ్ళలో కలిసి కావలి కాలవలోకి పోయింది. "మీరే కట్టండి అన్నయ్యా, మీ ఇంటి కాణీ" అని ఆమె దాన్ని నా అరచేతిలో పెట్టింది.

అందరూ నా వంక చూస్తున్నారు. అమ్మాయి మాత్రం నా చేతివంక చూస్తోంది. నా పక్కకు వంగి, ఎవరికీ వినపడకుండా, "వద్దంటే చెప్పు నాన్నా. వెండిదే కడదాంలే. ఏదో ఒకటి చెప్పి నేను సర్దుతా" అంది.

కాణీని వేళ్ళతో తిప్పాను. నలుపు పోయాక ఇన్నేళ్ళూ సరిగ్గా కనపడనిది ఇప్పుడు స్పష్టంగా కనపడింది. కిరీటం వైపు గీతలన్నీ నిన్న కొట్టినట్టు ఉన్నాయి. ఆకుల వైపు మాత్రమే నున్నగా అరిగింది. సంతల్లో చేతులు మారి అరిగితే రెండు వైపులా అరగాలి కదా? దారానికి వేసిన ముడి చూశాను. అమ్మ కూడా సరిగ్గా ఇలాగే వేసేది, ఒకవైపు ఎప్పుడూ పైకి, ఇంకోవైపు ఎప్పుడూ బొజ్జకు. ఆ ఆకులు అరిగింది సంతలో కాదు. నా బొజ్జ మీద అరిగాయి, నా తర్వాత నా బిడ్డ బొజ్జ మీద అరిగాయి. ఇన్నేళ్ళూ ఏ అరుగుడు చూసి నేను చివుక్కుమన్నానో, అది మేమే.

నా కళ్ళు నిండాయి. నిండాయని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. "వెండిది ఎందుకమ్మా, ఇది ఉండగా" అని పాప దగ్గర కూర్చున్నాను. ముడి ఒకసారి జారింది, రెండోసారి పడింది. ఆకుల వైపు లోపలికి ఉండేట్టు సర్దాను. పాప ఒక్క క్షణం నన్ను చూసి, పెద్దమనిషిలా తీరిగ్గా, నా పంచె మీదా, కాణీ మీదా ధారగా పోసింది.

హాలంతా గొల్లుమంది. మా ఆవిడ అయితే పట్టరాని నవ్వుతో, "ఏమయ్యా, తేమ పొట్లం తెచ్చేదా?" అంది. అమ్మాయి పడీపడీ నవ్వింది. నేను కాణీ కట్టనన్న రోజు నుంచీ ఆ నవ్వు మా ఇంట్లో వినపడలేదు. తుడవబోయిన వియ్యపురాలి చేతిని నేనే ఆపాను. తడవనీలే అన్నాను.

చుట్టాలందరూ వెళ్ళాక నాణేలను మళ్ళీ బీరువాలో సర్దుకుంటుంటే మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి తాళంచెవి ఎక్కడ పెడుతున్నానో ఆవిడకు చూపించాను. ఆవిడ ఖాళీ గూటి మీద వేలు పెట్టి, షాపులో ఎవరో తెచ్చిచ్చిన చిల్లుకాణీ ఇంకోటి ఉంది కదా, దాన్ని ఇక్కడ పెట్టరాదా అంది. వద్దన్నాను. ఆ గూడు ఖాళీగానే ఉండాలి. పక్కగదిలో పాప కాళ్ళు ఆడించినప్పుడల్లా కాణీ ఉయ్యాల చెక్కకు తగిలి చిన్నగా చప్పుడవుతోంది. ప్రభుత్వం ఎప్పుడో రద్దు చేసిన ఆ కాణీ, మా ఇంట్లో ఇంకా చెలామణిలోనే ఉంది.